విమానానికి యాన్యువల్ (వార్షిక తనిఖీ) సంతకం పడినంత మాత్రాన స్టాండ్‌బై పరికరాలు సిద్ధంగా ఉన్నట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీరు 1978 నాటి సెస్నా 182 చిన్న విమానం కొని టెక్సాస్‌లో ఉంచుకున్నారు, మబ్బులున్న రోజుల్లో ఐఎఫ్ఆర్ (బయటి చూపు లేకుండా పరికరాల ఆధారంగా నడిపే నియమాలు) కింద కూడా నడుపుతున్నారు. విమానం వంపు చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్, దిక్కు చూపే హెడింగ్ ఇండికేటర్ రెండూ వాక్యూమ్ మీద, అంటే పంపు గాలిని పీల్చడం వల్ల, తిరిగే పాత గైరోలే (లోపల వేగంగా తిరిగే చక్రం ఉన్న పరికరాలు). వెనకటి యజమాని 1990లలో పంపు ఆగితే ఆదుకునేందుకు, ఇంజన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి సక్షన్ (పీల్చే శక్తి) తీసుకునే ప్రిసైజ్ ఫ్లైట్ సంస్థ స్టాండ్‌బై వాక్యూమ్ పెట్టించారు. నిరుడు మీరు మలుపు తిరిగే వేగం చూపే టర్న్ కోఆర్డినేటర్ తీయించి, దాని స్థానంలో లోపల బ్యాటరీ ఉన్న గార్మిన్ జీ5 అనే ఎలక్ట్రానిక్ ఆటిట్యూడ్ పరికరం పెట్టించారు. ఏటా యాన్యువల్ ఏ ఇబ్బందీ లేకుండా పూర్తవుతోంది. అది చాలుతుందా, వేరుగా ఏమేం చూసుకోవాలి, అసలు వాక్యూమ్‌ను మొత్తం తీసేయించడం మేలా అన్నవి మీ మూడు సందేహాలు.

మొదటిదానికి జవాబు: చాలదు. ఇందులో మెకానిక్‌ను తప్పు పట్టవలసింది ఏమీ లేదు. యాన్యువల్‌లో ఏం చూడాలో చెప్పే, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లోని పార్ట్ 43 అనుబంధం డి, పరికరాల విషయంలో వాటి స్థితి, బిగింపు, గుర్తులు చూడమంటుంది. పనితీరును వీలున్నంత వరకు చూడమంటుంది. ఇంజన్ నడిపినప్పుడు సక్షన్ గేజ్ పచ్చగీతలో ఉంటే ప్రధాన పంపు పనిచేస్తున్నదని తేలిపోతుంది. స్టాండ్‌బైని పనిలోకి దించే నాబ్‌ను ఎవరూ లాగకపోయినా ఆ తనిఖీ పూర్తయినట్టే కనిపిస్తుంది. స్టాండ్‌బైకి ఏం పరీక్షలు, ఎన్నాళ్లకొకసారి చేయాలో దాని ఎస్‌టీసీ (విమానంలో తర్వాత బిగించడానికి ఇచ్చే ఆమోదం) వెంట వచ్చిన నిర్వహణ సూచనల్లో, అంటే మనం ఐసీఏ అని పిలిచే పత్రాల్లో ఉంటుంది. విమానం రెండు మూడు చేతులు మారేసరికి ఆ పత్రాలే ముందుగా మాయమవుతాయి. మెకానిక్ ముందు ఆ కాగితం లేకపోతే ఆ పరీక్ష జరగదు. విమానాన్ని ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే ప్రధాన బాధ్యత యజమానిదేనని అవే నిబంధనల్లో పార్ట్ 91లోని 403వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆ కాగితాన్ని వెతికి ముందు పెట్టవలసినది మీరే. మీ విమానం ఫైలులో ప్రిసైజ్ ఫ్లైట్‌కూ, జీ5కూ ఫారం 337 (పెద్ద మార్పుల నమోదు పత్రం), ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్ (అనుబంధం), ఐసీఏ ఉన్నాయో లేదో ముందు చూడండి. లేనివాటిని తయారీదారు నుంచి తెప్పించుకోండి.

స్టాండ్‌బై పరికరం రోజువారీ ప్రయాణంలో పనిచేయదు; అందువల్ల అది పాడైనా రోజువారీ ప్రయాణంలో తెలియదు. నేను చూసిన ఒక విమానంలో స్టాండ్‌బై నాబ్ చక్కగా లాగబడేది, కేబుల్ కదిలేది, లేబుల్ కూడా కొత్తదిలా ఉండేది. సక్షన్ గేజ్ ముల్లు మాత్రం కదిలేది కాదు. ప్యానెల్ వెనక చూస్తే, అంతకు ముందెప్పుడో రేడియో మార్చినవారు అడ్డొచ్చిన గొట్టాన్ని ఊడదీసి, రెండు కొసలకూ మూతలు బిగించి, తిరిగి కలపడం మరిచిపోయారు. లాగ్‌బుక్ ప్రకారం ఆ తర్వాత ఆ విమానానికి యాన్యువల్ ఒకసారికి మించే జరిగింది.

వాక్యూమ్ పోయినప్పుడు జరిగేది తెలిస్తే ఈ పట్టింపు ఎందుకో అర్థమవుతుంది. మీ విమానంలోనిది డ్రై పంపు. లోపలి రోటరూ, దానిలో జారే రెక్కలూ కార్బన్‌తో చేసినవి, వాటికి నూనె ఉండదు. అరిగిన కార్బన్ పొడే వాటికి కందెన. రెక్క ఒకటి విరిగి ఇరుక్కుంటే పంపు ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అప్పుడు ఇంజన్‌కు హాని కలగకుండా మధ్యనున్న ప్లాస్టిక్ కప్లింగ్ తెగిపోతుంది. దీనికి ముందస్తు సూచన సాధారణంగా ఉండదు. అయితే గైరో మాత్రం వెంటనే ఆగదు. కొన్ని నిమిషాల పాటు నెమ్మదిస్తూ తిరుగుతూనే ఉంటుంది, ఆటిట్యూడ్ ఇండికేటర్ మెల్లగా ఒక పక్కకు వాలుతుంది, పాత వాటిలో చాలావాటికి హెచ్చరిక జెండా కూడా ఉండదు. మబ్బులో ఉన్న పైలట్ ఆ వాలును సరిచేస్తున్నాననుకుంటూ, నిజానికి తిన్నగా ఉన్న విమానాన్ని వంపులోకి తీసుకుపోతాడు.

2000 అక్టోబర్ 16 రాత్రి మిస్సోరీ రాష్ట్ర గవర్నర్ మెల్ కార్నహన్ ప్రయాణిస్తున్న సెస్నా 335, హిల్స్‌బరో సమీపంలో కూలిపోయి, ఆయనతో పాటు నడుపుతున్న కుమారుడూ, ఒక సహాయకుడూ మరణించారు. ప్రమాదాలను విచారించే అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తు, పైలట్ దిక్కుతెలియని స్థితిలో పడి విమానంపై అదుపు కోల్పోయాడని, ప్రధాన ఆటిట్యూడ్ ఇండికేటర్ వైఫల్యమూ, ప్రతికూల వాతావరణమూ అందుకు తోడయ్యాయని తేల్చింది. ఆ విమానంలో కుడివైపు సీటు ముందు ఇంకొక ఆటిట్యూడ్ ఇండికేటర్ ఉంది. పైలట్ దాన్ని చూస్తూ నడపడానికి ప్రయత్నించాడు. మనకు ఇక్కడ పనికొచ్చే విషయం అదే. బ్యాకప్ ఉన్నది, పనిచేస్తున్నది, కానీ ఎడమ సీటులో కూర్చున్న మనిషి చీకట్లో, కుదుపుల మధ్య, మెడ తిప్పి చూడవలసిన చోట ఉన్నది. మీ జీ5 టర్న్ కోఆర్డినేటర్ స్థానంలో, అంటే మీ కళ్లెదుటే, ఎడమవైపు దిగువన ఉండటం ఆ లెక్కన మంచి ఏర్పాటు.

ఇక పంపు సంగతి. సక్షన్ మీ విమానం హ్యాండ్‌బుక్ చెప్పిన పరిధిలో, సుమారు నాలుగున్నర నుంచి ఐదున్నర అంగుళాల పాదరసం మధ్య ఉండాలి. అంకె తగ్గితే చాలామంది వెంటనే రెగ్యులేటర్ (సక్షన్‌ను అదుపు చేసే వాల్వ్) తిప్పించేస్తారు. అది చేయకండి, ముందు ఫిల్టర్లు మార్పించండి. గైరోలకు గాలినిచ్చే సెంట్రల్ ఫిల్టర్ మూసుకుపోతే గైరోకు అందే గాలి తగ్గుతుంది, గేజ్ మాత్రం సరిగానే చూపవచ్చు, ఎందుకంటే గేజ్ కొలిచేది ఒత్తిళ్ల తేడానే కాని గాలి ప్రవాహాన్ని కాదు. పంపు పగిలినప్పుడు కొత్త పంపు బిగించి ఊరుకోవడం ఇంకొక పొరపాటు. విరిగిన కార్బన్ ముక్కలు గొట్టాల్లో మిగిలిపోతే కొత్త పంపునూ, రెగ్యులేటర్‌నూ పాడుచేస్తాయి. గొట్టాలు విప్పి, గాలి ఊది శుభ్రం చేసి, గట్టిపడిన వాటిని మార్చాలి. ఇంజన్ కడిగేటప్పుడు పంపును కప్పి ఉంచమని చెప్పండి. సాల్వెంట్ లోపలికి పోతే కార్బన్ పొడి జిగటగా మారుతుంది. పంపు బిగించే చోట సీల్ నుంచి నూనె కారుతున్నా అదే ప్రమాదం. కొన్ని తయారీ పంపులకు రెక్కల అరుగుదల చూసే చిన్న కన్నం ఉంటుంది. మీ దానికి ఉంటే ప్రతి యాన్యువల్‌లో ఆ కొలత రాయించండి, లేకపోతే గంటల లెక్కన ముందే మార్చేయడం నా అలవాటు. పగిలేదాకా నడిపి మిగుల్చుకునే డబ్బు ఏమంత పెద్దది కాదు.

మీ స్టాండ్‌బై వాక్యూమ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని వాడేవారిలో చాలామందికి అది ఎప్పుడు పనిచేయదో తెలియదు. ఈ ఏర్పాటులో వేరే పంపు లేదు. ఇంజన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా ఎంత తక్కువగా ఉంటే అంత సక్షన్ గైరోలకు అందుతుంది, అంతే. సముద్రమట్టం దగ్గర బయటి ఒత్తిడి సుమారు 29.9 అంగుళాలు కాబట్టి మానిఫోల్డ్ 25 దగ్గర ఉన్నా దాదాపు ఐదు అంగుళాల తేడా దొరుకుతుంది. ఆరు వేల అడుగుల్లో బయటి ఒత్తిడి 24 అంగుళాలే. అక్కడ అంతే సక్షన్ కావాలంటే మానిఫోల్డ్‌ను 19, 19.5 దాకా దించాలి. పది వేల అడుగుల్లో బయట 20.6 మాత్రమే ఉంటుంది, మీరు 16కు రావాలి. అంత తక్కువ పవర్‌తో, బరువుగా ఉన్న 182ను ఆ ఎత్తులో నిలబెట్టడం కష్టం. థ్రాటిల్ పూర్తిగా తెరిచి క్రూజ్ చేస్తున్న స్థితిలో నాబ్ లాగితే దొరికేది దాదాపు శూన్యం. కాబట్టి ఇది పనిచేయాలంటే పవర్ తగ్గించాలి, లేదా కొంతసేపు తగ్గించి గైరోలను వేగం పుంజుకోనిచ్చి మళ్లీ పెంచుతూ పోవాలి, లేదా దిగాలి. ఏ ఎత్తులో ఎంత పవర్ అన్న పట్టిక సప్లిమెంట్‌లో ఉంటుంది. ఆ పట్టిక నకలు ప్యానెల్ దగ్గర లేకపోతే మబ్బులో మీకది గుర్తురాదు.

ఎఫ్ఏఏ 1999లో ఈ తరహా స్టాండ్‌బై వాక్యూమ్‌పై ఒక ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్ (ఏడీ, అంటే తప్పక పాటించవలసిన భద్రతా ఆదేశం) ఇచ్చింది. ఫ్లైట్ మాన్యువల్‌లో సప్లిమెంట్ చేర్చాలని, లాగుడు కేబుల్, గొట్టాలు, కలిపే ఫిట్టింగులు, షటిల్ వాల్వ్ (పంపు నుంచి స్టాండ్‌బైకి మార్చేది) సరిగా ఉన్నాయో లేదో మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలని దాని సారాంశం. మీ ఏడీల జాబితాలో ఇది ఉందో లేదో, ఉంటే చివరిసారి ఎప్పుడు చేశారో చూడండి. విమానం, ఇంజన్, ప్రొపెల్లర్ పేర్ల మీద మాత్రమే వెతికితే ఇలా తర్వాత బిగించిన పరికరాల ఏడీలు జాబితాలోకి రావు. అది నేను పదే పదే చూసే లోటు.

పరీక్ష ఎలా చేయాలంటే, ప్రయాణానికి ముందు ఇంజన్ ఐడిల్‌లో (కనిష్ఠ వేగంలో) ఉండగా నాబ్ లాగండి. ఐడిల్‌లో మానిఫోల్డ్ ఒత్తిడి బాగా తక్కువ కాబట్టి గేజ్ ముల్లు పరిధిలోకి రావాలి. నాబ్ లాగి ఉంచే, థ్రాటిల్‌ను మెల్లగా ముందుకు జరపండి. ముల్లు దిగజారడం మీ కళ్లతో చూస్తారు. ఎంత మానిఫోల్డ్ ఒత్తిడి దగ్గర సక్షన్ నాలుగున్నర కిందికి పడిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆరు నెలల తర్వాత అదే విమానాశ్రయంలో అదే పరీక్ష చేసినప్పుడు ఆ అంకె గమనించదగినంత మారితే, ఎక్కడో గొట్టం కారుతున్నదనో, వాల్వ్ పూర్తిగా తిరగడం లేదనో అర్థం. పూర్తయ్యాక నాబ్ పూర్తిగా లోపలికి పోయిందని చూసుకోవడం మరవకండి. నేల మీద బాగున్నాక, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున, పక్క సీటులో ఇంకొక పైలట్‌ను కూర్చోబెట్టుకుని, మీరు మామూలుగా వెళ్లే ఎత్తులోనూ ఒకసారి చేసి చూడండి.

రెండు పంపులున్న విమానాలవారూ, ఎలక్ట్రిక్ స్టాండ్‌బై పంపు ఉన్నవారూ ఇది చదువుతూ ఉండవచ్చు కాబట్టి ఒక మాట. రెండు పంపుల గొట్టాలు కలిసే చోట చెక్ వాల్వ్ మానిఫోల్డ్ ఉంటుంది, అందులో రబ్బరు రెక్కలుంటాయి. ఒక పంపు ఆగితే దాని వైపు రెక్క మూసుకుని రెండో పంపు సక్షన్‌ను కాపాడాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు ఎండిన అప్పడంలా గట్టిపడి, మూసుకోకుండా సగం తెరిచే ఉండిపోతుంది. అప్పుడు ఆగిన పంపు గుండా గాలి లోపలికి వచ్చి, బాగున్న పంపు శ్రమ కూడా వృథా అవుతుంది. తయారీదారులు దీనికి పదేళ్ల ఆయుష్షు పెట్టారు. ఐదేళ్లకు మొదటి పరీక్ష, ఆ తర్వాత ఏటా ఒకసారి. ఆ పదేళ్లు లెక్కించేది వాల్వ్ మీద ఉన్న తేదీని బట్టి, ఎగిరిన గంటలను బట్టి కాదు. ఏడాదికి నలభై గంటలు కూడా ఎగరని విమానాల్లోనే ఇది మరుగున పడుతుంది.

జీ5 విషయానికి వస్తే, కొత్త బ్యాటరీతో నాలుగు గంటల దాకా నడుస్తుందని గార్మిన్ చెబుతుంది. ఇదే సంస్థ జీఐ 275 అనే ఇలాంటి పరికరానికి చెప్పేది ఒక గంట. ఈ అంకెలు కొత్త బ్యాటరీవి. లిథియం బ్యాటరీకి వేడి పనికిరాదు; టెక్సాస్ ఎండలో ర్యాంప్ మీద నిలబెట్టిన విమానంలో ప్యానెల్ పైభాగం ఎంత కాలుతుందో మీకు తెలుసు. కాబట్టి ఐసీఏలో రాసిన బ్యాటరీ పరీక్షను యాన్యువల్ పని జాబితాలో విడిగా రాయించండి. మీ వంతుగా, ప్రతి ప్రయాణానికి ముందు జీ5 బ్రేకర్ (దానికి కరెంటు ఆపే బటన్) లాగి, తెర ఆరిపోకుండా బ్యాటరీకి మారుతుందో లేదో చూసి, మిగిలిన చార్జ్ అంకె చూసుకుని, బ్రేకర్ తిరిగి నొక్కండి. ఇది క్షణాల పని. ఇంకా నమ్మకం కావాలంటే, ఇల్లు చేరాక మాస్టర్ స్విచ్ ఆపేసి జీ5ను అరగంట నడవనిచ్చి చార్జ్ ఎంత తగ్గిందో రాసుకోండి. ఈఎల్‌టీ (విమానం కూలితే ఆచూకీ తెలిపే రేడియో పరికరం) బ్యాటరీకి సగం ఆయుష్షు గడిచినా, మొత్తం గంటసేపు వాడినా మార్చాలని నియమం ఉంది. మబ్బులో మనల్ని నిలబెట్టే ఈ బ్యాటరీకి అలాంటి నియమం పార్ట్ 91లో లేదు. కూలిన తర్వాత వెతికి పట్టుకోవడానికి పనికొచ్చే బ్యాటరీ మీద అంత శ్రద్ధ పెట్టి, కూలకుండా ఆపేదాన్ని ఐసీఏకు వదిలేయడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

గార్మిన్ జీ1000 తెరలు ఉన్న సెస్నా 172లలో స్టాండ్‌బై బ్యాటరీ స్విచ్‌ను టెస్ట్ స్థానంలో పది సెకన్లు పట్టుకుని పచ్చదీపం ఆరకుండా ఉందో లేదో చూడాలి. మూడు సెకన్లకే వదిలేసేవారిని చాలామందిని చూశాను. బలహీనపడిన బ్యాటరీ మూడు సెకన్లు దీపం వెలిగించగలదు.

రెండు పరికరాలు ఉన్నంత మాత్రాన అవి రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివని అనుకోకండి. మీ ఎయిర్‌స్పీడ్ ఇండికేటరూ, జీ5 కూడా ఒకే పీటో గొట్టం (ఎదురుగాలి ఒత్తిడి తీసుకునేది) నుంచి, వాటితో పాటు ఎత్తు చూపే ఆల్టిమీటరూ ఒకే స్టాటిక్ రంధ్రాల (బయటి నిశ్చల గాలి ఒత్తిడి తీసుకునేవి) నుంచి గాలి తీసుకుంటాయి. అక్కడ మంచు పట్టినా, కందిరీగ గూడు కట్టినా దాని మీద ఆధారపడినవన్నీ ఒకేసారి అబద్ధం చెబుతాయి. అందుకే, కాబిన్ లోపలి గాలిని తీసుకునే ఆల్టర్నేట్ స్టాటిక్ వాల్వ్ కూడా బ్యాకప్ పరికరమే. దాన్ని ఎప్పుడూ తిప్పకపోతే బిగుసుకుపోతుంది. నిర్మలమైన రోజున గాలిలో తెరిచి చూడండి; కాబిన్‌లో ఒత్తిడి సాధారణంగా బయటికన్నా కాస్త తక్కువ కాబట్టి ఆల్టిమీటరూ, వేగమూ కొద్దిగా ఎక్కువ చూపుతాయి. ఆ తేడా హ్యాండ్‌బుక్‌లోని సవరణ పట్టికతో సరిపోలుతుందో లేదో చూడండి. ఈ వాల్వ్ తెరిచి మూసినందుకు స్టాటిక్ పరీక్ష మళ్లీ చేయించనక్కర లేదని పార్ట్ 91లోని 411వ సెక్షనే మినహాయింపు ఇచ్చింది. కానీ ప్యానెల్ వెనక స్టాటిక్ గొట్టం విప్పితే మాత్రం పరీక్ష తప్పనిసరి. వెయ్యి అడుగుల తేడా దాకా గాలి లాగి ఉంచితే ఒక నిమిషంలో వంద అడుగులకు మించి తగ్గకూడదన్నది ప్రెషరైజేషన్ లేని విమానాలకున్న హద్దు. నిరుడు జీ5 పెట్టినప్పుడు ఈ గొట్టం విప్పే ఉంటారు; ఇరవై నాలుగు నెలల సాధారణ గడువు ఇంకా ఉన్నా, ఆ తేదీకి సంబంధించిన పరీక్ష నమోదు మీ లాగ్‌బుక్‌లో ఉండాలి.

అదే సందర్భంగా కంపాస్. కొత్త ఎలక్ట్రానిక్ పరికరం పెట్టాక కంపాస్‌ను మళ్లీ సరిచూసి, కొత్త డీవియేషన్ (కంపాస్ చూపే తేడా) కార్డు రాయాలి. పాత కార్డు మీద పాత తేదీ ఉంటే ఆ పని జరగలేదన్నమాటే. లోపల బుడగ కనిపిస్తే ద్రవం తగ్గిందని గ్రహించండి.

ఇవేవీ పరికరాన్ని విప్పి బాగుచేసే పనులు కావు. ఏ అండ్ పి (విమానం, ఇంజన్ పనులకు ఎఫ్ఏఏ లైసెన్స్ ఉన్న) మెకానిక్‌కు కూడా పరికరాల మరమ్మతు చేసే అధికారం లేదు, అది గుర్తింపు పొందిన రిపేర్ స్టేషన్ పని. మీరు చేయగలిగింది వినడం, చూడడం. ఇంజన్ ఆపి మాస్టర్ తీసేశాక, తలుపు తెరవకముందు ప్యానెల్‌కు చెవి పెట్టి గైరోలు ఆగే చప్పుడు వినండి. బాగున్న గైరో నిమిషాల తరబడి సన్నని మోతతో తగ్గుతూ పోతుంది. బేరింగ్ పాడైనది గరగరలాడి తొందరగా ఆగిపోతుంది. బయలుదేరేటప్పుడు ఐదు నిమిషాల్లో ఆటిట్యూడ్ ఇండికేటర్ నిటారుగా నిలవాలి, ట్యాక్సీ మలుపుల్లో ఐదు డిగ్రీలకు మించి వాలకూడదు. హెడింగ్ ఇండికేటర్ పదిహేను నిమిషాల్లో మూడు డిగ్రీలకు మించి జరిగితే దాన్ని రాసి పెట్టండి.

భారతదేశంలో ఎగిరేవారికి ఈ సెక్షన్ల అంకెలు వర్తించవు. అక్కడ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన మెయింటెనెన్స్ ప్రోగ్రామ్ ప్రకారం లైసెన్స్ ఉన్న ఏఎమ్ఈ (విమాన నిర్వహణ ఇంజినీరు) సంతకం చేయాలి. అయితే కార్బన్ రెక్కలూ, రబ్బరూ, లిథియమూ ఎక్కడైనా ఒకే రకంగా పాడవుతాయి. హైదరాబాద్ దగ్గరి నాదర్‌గుల్ లాంటి దుమ్ము లేచే చోట్ల గైరో ఫిల్టర్‌ను మాత్రం గడువు కన్నా ముందే మార్చమంటాను.

మీ మూడో సందేహం, వాక్యూమ్‌ను మొత్తం తీసేయించడం. ఆటిట్యూడ్ ఇండికేటర్ స్థానంలో ఒక జీ5, హెడింగ్ ఇండికేటర్ స్థానంలో ఇంకొకటి పెట్టి పంపు తీసేసినవారు చాలామంది ఉన్నారు, అది మంచి మార్గమే. మీకు మాత్రం నా సలహా, ఇప్పుడు తొందరపడవద్దని. ప్రస్తుతం మీకు ఒకటి ఇంజన్‌తో తిరిగే పంపు మీద, ఇంకొకటి కరెంటు, బ్యాటరీ మీద నడిచే రెండు వేర్వేరు ఆటిట్యూడ్ పరికరాలున్నాయి. వాటిలో ఒకదాన్ని పాడుచేసేది రెండోదాన్ని పాడుచేసే అవకాశం తక్కువ. రెండూ ఒకే తయారీ, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే పీటో గొట్టం మీద ఆధారపడే స్థితి అంతకన్నా మెరుగని నేను అనను. దానికి తోడు, మీ ఆటోపైలట్ ఆటిట్యూడ్ సమాచారం ఎక్కడి నుంచి తీసుకుంటుందో ముందు తెలుసుకోవాలి. పాత సెంచురీ ఆటోపైలట్లలో కొన్ని వాక్యూమ్ ఆటిట్యూడ్ ఇండికేటర్ నుంచే తీసుకుంటాయి, అది తీసేస్తే ఆటోపైలట్ కూడా పోతుంది. పంపుకూ గైరోకూ కలిపి ఓవర్‌హాల్ ఖర్చు వచ్చే రోజున ఈ లెక్క మళ్లీ వేసుకోండి. అప్పటిదాకా పంపు గంటలు, కప్లింగ్ తేదీ, ఐడిల్‌లో స్టాండ్‌బై సక్షన్, జీ5 బ్యాటరీ పరీక్ష ఫలితం, ఈ నాలుగింటినీ లాగ్‌బుక్ చివరి అట్ట లోపల ఒకే కాగితం మీద రాసి అంటించి, యాన్యువల్‌కు ఇచ్చేటప్పుడు మెకానిక్‌కు ముందు ఆ కాగితం చూపించండి.